మూడో వరుస గాలి వాటా

నమోదు 1

కొత్తరేవులో తల వంచకుండా ఎవరి ఇంట్లోకీ వెళ్లలేము. చూరు అంత కిందికి దిగి ఉంటుంది. ఉదయం నుంచి మూడు ఇళ్లలో నుదురు కొట్టుకున్నాను. నాలుగో గుమ్మం దగ్గర ఆగి చూరును చేత్తో తడుముకుంటుంటే వెనక దాలయ్య తాత నవ్వాడు. ఈ మూడో వరుసలో చివరిదైన ఏడో ఇల్లు ఆయనది. పొద్దుటి నుంచి నాకు ఇళ్లన్నీ చూపిస్తున్నాడు.

"ఎంతటి అదికారైనా మా ఇంటికి దండం ఎట్టుకునే రావాలమ్మా. అందుకే ఇలాగ కట్టీసినాం," అన్నాడు.

అసలు కారణం లోపలికి వెళ్లాక తెలిసింది. చూరు దిగి ఉండటం వల్ల గోడ మీద ఎండ పొడ పడదు. ఎండ పడని గోడ వేడెక్కదు. ఇది బడిలో చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అలాంటి గోడను తాకడం మాత్రం ఇవాళే. బయట ఇసుక మీద చెప్పు మెత్తబడిపోతున్న వేళ, లోపల మట్టిగోడ నీళ్లకడవలా ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఏడు ఇళ్లలో ఏడు నల్లగుండ్లు కట్టించడం ఇవాళ్టి పని. నల్లగుండు వెలక్కాయంత ఉంటుంది. గదిలోని వేడిని, ఉక్కను, గాలి కదలికను కలిపి మనిషి ఒంటికి ఎంత వేడి తెలుస్తుందో ఒకే అంకెగా చూపిస్తుంది. వేసవి పరీక్ష ఆఖరి రోజు దీపాలవేళకు ఆ అంకె ఏ ఇంట్లోనూ ముప్పై మూడు దాటకూడదు. ఒక్క ఇంట్లో దాటినా వరుస మొత్తం నివాసానికి పనికిరాదని నేను రాయాలి. అప్పుడు ఏడు కుటుంబాలనూ పట్నంలో మరలతో చల్లబరిచే చలువ మేడకు తరలిస్తారు, ఇళ్లు పడగొడతారు. మేడలో ఉంటూ ఉప్పు మడుల పనికి రావడం అయ్యేది కాదు, అంత దూరం. అంటే పని కూడా పోయినట్టే. రెండో వరుస నిరుడు అలాగే పోయింది. తాటాకు తీసేసి రేకులు వేసుకున్నారట. వాళ్ల అరుగుల మీద ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.

సముద్రం వైపున్న మొదటి ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఆ ఇంటి గంగులమ్మ కూతురు నీలవేణి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, ఆడపిల్లను కన్నది. పురుడు తీరేదాకా బయటివాళ్లు గడప దాటకూడదు. గంగులమ్మ భర్త పెంటయ్య గుమ్మం దగ్గరే నా చేతిలో నల్లగుండు అందుకున్నాడు.

"నాను కట్టీస్తాన్లెండి," అన్నాడు.

నమోదు 2

గాలి వాటా అనే మాట ఇవాళ విన్నాను.

పాత ఊరిని సముద్రం తీసుకున్నాక వీళ్లు ఈ ఇసుక దిబ్బ మీదికి వచ్చారు. ఇళ్లకు ముగ్గు పోసిన రోజున ఏడు కుటుంబాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. సముద్రం నుంచి వచ్చే గాలి ఒక్కరిది కాదు. మొదటి ఇంటి ముందు కిటికీలోంచి దూరి, వెనక కిటికీలోంచి బయటపడి, రెండో ఇంటి ముందు కిటికీలోకి వెళ్లాలి. అక్కడి నుంచి మూడో ఇంటికి. అలా ఏడో ఇంటి దాకా. కిటికీలన్నీ ఒకే ఎత్తున, ఒకే తిన్నగా ఉన్నాయి. ఇంటికీ ఇంటికీ మధ్య సందును కూడా రెండు వైపులా దడి కట్టి మూశారు, గాలి పక్కకు జారిపోకుండా.

"ముందు కిటికీ మనది. వెనక కిటికీ వెనకింటోడిది," అన్నాడు దాలయ్య తాత. "దారిలో మంచం ఎయ్యకూడదు, బీరువా ఎట్టకూడదు. మా బావమరిది పెళ్లికి పెద్ద అద్దాల బీరువా ఇచ్చినారు. మరి గాలి దారిలో తప్ప ఇంకెక్కడా పట్టదు. ఏటి సేస్తాడు? వానలొచ్చేదాకా అది ఈదిలోనే ఉంది. ఈదిలో పోయినోళ్లందరూ తల దువ్వుకుని పోయేవోరు."

రాత్రంతా అలా గాలి పారితే మట్టిగోడలు ఒంట్లో వేడి వదిలేసుకుంటాయి. తెల్లవారగానే కిటికీలు మూసేస్తారు. చల్లబడిన గోడ పగలంతా ఇంటిని కాస్తుంది. తీగ లేదు, మర లేదు. ఉన్నదల్లా ఒకరి మీద ఒకరికి ఉన్న పట్టింపు. ఇలాంటి ఇంటిని గీయమని మా బడిలో ఎవరైనా అడిగి ఉంటే, ఆ పట్టింపును ఎక్కడ గీయాలో నాకు తెలిసేది కాదు.

సాయంత్రం ఏడో ఇంట్లో కూర్చుని గాలి కోసం ఎదురుచూశాను. కిటికీలు తెరిచిన చప్పుడు వరుసగా వినిపించింది. గాలి మాత్రం నేను ఊహించుకున్నంత రాలేదు. నల్లగుండు ముప్పై ఒకటి చూపించింది. పర్వాలేదు.

నమోదు 3

అంకెలు పెరుగుతున్నాయి.

ఏడో ఇంట్లో రోజుకు కొంచెం చొప్పున పెరిగి ఇవాళ ముప్పై మూడును తాకింది. ఆరు, అయిదు కూడా దాని వెనకే ఉన్నాయి. బయటి ఎండలో తేడా లేదు. మధ్యాహ్నం గోడ తాకితే ఇదివరకటి చల్లదనం లేదు. మొదటి ఇంట్లో అంకె ఒక్కటే హాయిగా ముప్పై దగ్గర నిలబడి ఉంది.

పైకప్పులో లోపం ఉందేమోనని నాలుగో ఇంటి అటకెక్కాను. వీళ్లది రెండు పొరల కప్పు. కింద వెదురు తడక మీద మట్టి మెత్తారు. దానికి మూరెడు ఎత్తున తాటాకు. మధ్యలో ఖాళీ. పై పొరకు తగిలిన వేడి కింది పొరకు చేరకముందే ఆ ఖాళీలోంచి గాలి ఎత్తుకుపోతుంది. నేను ఆ ఖాళీలో బోర్లా పాకుతూ చివరిదాకా వెళ్లాను. ఒక్క చిల్లు లేదు, ఒక్క ఆకు చివకలేదు. రెండు పిల్లికూనలు, వాటి తల్లి కోపం తప్ప అభ్యంతరం చెప్పదగ్గది ఏదీ కనబడలేదు.

ప్రతి ఇంటి దగ్గరా ఒకే ప్రశ్న అడిగాను. ఈ మధ్య ఇంట్లో ఏమైనా మార్చారా?

"ఏటీ మార్చనేదమ్మా," అన్నారు అందరూ. అబద్ధం చెప్పే ముఖాలు కావు. చేతిలో తాటాకు విసనకర్రలు ఆగడం లేదు. రవికెలు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. అయినా ఒక్కరూ ఉక్కగా ఉందని అనలేదు. ఆ మాట అనకపోవడమే నాకు వింతగా తోచింది.

నమోదు 4

అమ్మ ఫోన్ చేసింది. మిరపచేల పనికి పోయి బతికిన మనిషి. మా రేకుల ఇల్లు పరీక్షలో పోయినప్పటి నుంచి గుంటూరు చలువ మేడలో పందొమ్మిదో అంతస్తులో ఉంటోంది. నేను చదువుకున్నదీ ఆ మేడ బడిలోనే. మా ఇంట్లో అక్షరం ముక్క నేర్చిన మొదటిదాన్ని నేనే.

"ఎట్టా ఉందే సువార్తా, ఆ ఊరు?"

"గోడలు భలేగా ఉంటాయమ్మా. మట్టివే."

"మట్టి గోడలా? అలికేవాళ్లున్నారా?"

"ఉన్నారు. నీకు చల్లగానే ఉందిగా అక్కడ?"

"చల్లగానే ఉందిలే. ఉండటానికేముంది, పడుకోటమేగా." అంతలోనే అడిగింది. "కిటికీకి గడియ ఉంటదా ఆడ? తీసుకోవచ్చా?"

ఉంటుందని చెప్పాను. తీసుకోవచ్చని చెప్పాను.

ఈ వరుసను నేను మేడకు పంపలేను. అంకె దాటితే పంపకుండా ఉండనూ లేను. కారణం దొరకాలి.

నమోదు 5

దొరికింది.

ఉప్పు బస్తా కుట్టే దారం ఒకటి తీసుకుని ఏడో ఇంటి నుంచి ముందుకు నడిచాను. గాలి మొదలయ్యే వేళ. ప్రతి కిటికీ దగ్గరా దారం వేలాడదీసి చూశాను. ఏడో ఇంట్లో కదలలేదు. ఆరో ఇంట్లో కదలలేదు. చచ్చిన ఎలుక తోకలా అలాగే వేలాడింది. రెండో ఇంటి ముందు కిటికీ దాకా అదే. బయట మాత్రం సముద్రపు గాలికి సరుగుడు చెట్లు ఊగిపోతున్నాయి.

రెండో ఇంటి కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. ఎదురుగా మొదటి ఇంటి వెనక కిటికీ. రెక్కలు మూసి, సందుల్లో గోనెగుడ్డ కుక్కి ఉంది.

ముందు వైపుకు పరిగెత్తాను. అక్కడా అంతే. చూరు కిందికి వేసిన చాపలు ఉప్పుజల్లు పడకుండా అనుకున్నాను ఇన్నాళ్లూ. చాప ఎత్తితే దాని చాటున ముందు కిటికీ కూడా మూసి, మేకులు కొట్టి ఉంది. నా నల్లగుండు అరుగు మీద స్తంభానికి వేపమండ పక్కన కట్టి, సముద్రపు గాలికి హాయిగా ఊగుతోంది.

"పసిగుంటున్న గదిలో ఈ నల్లదాన్ని ఎక్కడ ఎట్టేది?" అన్నాడు పెంటయ్య. "ఇక్కడైతే దానికీ కాసింత గాలి ఆడతాదని."

వెనక్కి వెళ్లి దాలయ్య తాతను అడిగాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"బాలింత ఉంది కదమ్మా ఆ ఇంట్లో. గాలి సోకితే సీతం కొట్టదా? పచ్చి ఒళ్లు."

"మరి గాలి వాటా?"

"బాలింతింటికెల్లి గాలి ఎట్టండి అని అడుగుతామేటి? నోరెలాగొస్తాది?"

"ఏమైనా మార్చారా అని నేను అడిగాను కదా తాతా!"

"అది మార్చడం కాదు కదమ్మా." ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "అది పురుడు."

ఆరు ఇళ్లవాళ్లు ఒక పసిబిడ్డ కోసం నోరు మూసుకుని ఉడికిపోతున్నారు. ఇల్లు పోయే వేళ కూడా ఒక్కరూ అడగలేదు. నాకు కోపం రావాలి. రాలేదు. గాలిని పంచుకునేవాళ్లు ఇలాగే ఉంటారు మరి. ఇలా ఉండకపోతే ఆ వరుస ఎప్పుడో ఎవరి కిటికీ వారిది అయిపోయేది.

కానీ పురుడు తీరేలోపు పరీక్ష ముగుస్తుంది.

నమోదు 6

పొద్దున్నే మొదటి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాను. గంగులమ్మ గడప అవతల నిలబడింది. పొట్టి మనిషి, నడుముకు కొంగు బిగించి ఉంది.

"కిటికీలు తీయాలి పిన్నీ."

"తియ్యను."

"వరుస పోతుంది."

"పోతే పోతాది. ఇల్లు మళ్లీ కట్టుకుంటాం. పిల్ల పోతే కట్టుకుంటామేటి?"

గాలికి జలుబు రాదని, మూసిన గదిలో వేడే పసిబిడ్డకు ఎక్కువ ప్రమాదమని నేను చదువుకున్నదంతా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నీకు పిల్లలున్నారేటి?"

"లేరు."

"అదీ."

లోపలి నుంచి నీలవేణి గొంతు వినిపించింది. "ఒలే అమ్మా! నాకున్నాది గదా పిల్ల! నన్నడగవేటి? ఇక్కడ ఇడ్లీ పాత్తరలో ఎట్టినట్టున్నాది నాకు!"

"నువ్వు నోర్ముయ్. బాలింతలకి బుర్ర ఉండదు."

"మరి నిన్ను కన్నప్పుడు మీ అమ్మకీ నేదన్నమాట!"

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. గంగులమ్మ కూడా నవ్వు రాకుండా మూతి బిగించుకుంది. ఆ సందు చూసుకుని నల్లగుండును లోపల కట్టించమని బతిమాలాను. కట్టారు. కాసేపటికి నీలవేణి అంకె చదివి కేకేసింది. ముప్పై ఆరు. గంగులమ్మకు అంకెలు రావు కానీ నా ముఖం చదవడం వచ్చు.

"గాలి నా మీంచే పోవాలని ఉందేటి?" అంది నీలవేణి లోపలి నుంచే. "పక్కనించి పోమంటే పోదేటి?"

"పోమంటే పోడానికి అది మేకపిల్లేటి?" అంది తల్లి.

"పోతుంది పిన్నీ," అన్నాను. ఒక్కసారిగా నాకు గదంతా కళ్లకు కట్టింది. "దారి కడితే పోతుంది."

అరుగు ముందు ఇసుకలో గీశాను. ముందు కిటికీ నుంచి వెనక కిటికీ దాకా గది మధ్యలో సరుగుడు గెడలు పాతి, చాపలు బిగించి కట్టాలి. అది గాలికి ఒక సందు అవుతుంది. గాలి ఆ సందులోంచి నేరుగా రెండో ఇంటికి పోతుంది. మంచం చాపలకు ఇవతల ఉంటుంది. గాలి మంచాన్ని తాకదు. చాపకు పైన జానెడు, కింద జానెడు ఖాళీ వదిలితే, సందులో పారే గాలి ఇవతలి వేడిని లాక్కుపోతుంది.

గంగులమ్మ చాలాసేపు ఇసుక వైపు చూసింది. "పైన ఒగ్గు. కింద ఒగ్గను. కింద ఒగ్గితే మంచం కింద దూరతాది."

"కింద కూడా ఉంటేనే బాగా లాగుతుంది."

"పైన ఒగ్గన్నాను కదా. అదైనా నా కూతురు పొయ్యిమీదున్నట్టు అరుస్తందని. రా లోపలికి. పోయేటప్పుడు తానం చేసి పో."

నమోదు 7

చాపలు అడగడానికి నేను రెండో ఇంటికి వెళ్లేలోపే మాట ఏడో ఇంటికి చేరిపోయింది. ఆరు ఇళ్ల నుంచి ఆరు రకాల చాపలు వచ్చాయి. దాలయ్య తాత తన పెళ్లి చాప తెచ్చాడు, ఎర్ర అంచుది. "దీని మీద ఇప్పుడు పడుకునేదెవరు, గాలికి ఇచ్చీండి," అన్నాడు. ఆయన భార్య వెనక నుంచి ఏదో అంది, అందరూ నవ్వారు, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

గెడలు పాతడం పెంటయ్య చేశాడు. చాపలు నేనూ రెండో ఇంటి ఆడవాళ్లూ బిగించాం. నీలవేణి మంచం మీద నుంచి మేస్త్రీలా ఆజ్ఞలు వేసింది. పిల్ల ఎర్రగా, ముడతలుగా, చెమట పొక్కులతో పడుకుని ఉంది. అంత చిన్న చేతిని నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం మేకులు ఊడదీసి కిటికీలు తెరిచాం. చాపలు ఒక్కసారి పొంగి, తెరచాపల్లా బిగుసుకున్నాయి. గంగులమ్మ సాంబ్రాణి పళ్లెం పట్టుకుని మంచం పక్కన నిలబడింది, గాలి ఇటు వస్తుందేమో పట్టుకోవాలని. పొగ నిటారుగా లేచింది. చాప పైఅంచు దాకా వెళ్లింది. అక్కడ వంగి, ఖాళీలోంచి అవతలికి జారి, వెనక కిటికీ వైపు పారిపోయింది. పుస్తకంలో బాణం గుర్తులు వేసి చూపించేది ఇదే. బాణం ఇంత అందంగా ఉంటుందని ఎవరూ రాయలేదు.

"ఇటు రానేదు," అంది గంగులమ్మ. చెయ్యి చాపి మంచం చుట్టూ తడిమి చూసుకుంది. "అటే పోతంది."

రెండో ఇంటి వైపు నుంచి ఎవరో "వచ్చీసింది! వచ్చీసింది!" అని అరిచారు.

నమోదు 8

వెనక ఆరు ఇళ్లలో అంకెలు దిగుతున్నాయి. గోడలు పట్టుకున్న వేడిని ఒక్క రాత్రిలో వదలవు. అయినా వదులుతున్నాయి. దాలయ్య తాత గోడకు చెంప ఆనించి కూర్చుంటున్నాడు. అడిగితే, లెక్క చూస్తున్నానంటాడు.

బాలింత గది మాత్రం ముప్పై నాలుగు దగ్గర మొండికేసింది. పైనుంచి వేడి పోతోంది, కిందనుంచి దాని చోటులోకి చల్లగాలి రావడం లేదు. నేను మళ్లీ అడగలేదు. ఆమె ఒప్పుకున్నదే చాలా ఎక్కువ. కానీ రేపు ఆఖరి రోజు. నల్లగుండును మళ్లీ అరుగు మీదికి తీసుకుపోదామని పెంటయ్య నా చెవిలో అన్నాడు. కూడదని చెప్పాను. అలా చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

నమోదు 9

ఆఖరి రోజు.

దీపాలవేళకు కాస్త ముందు మొదటి ఇంటికి వెళ్లాను. మిగతా ఆరు అంకెలూ చూసి వచ్చాను, అన్నీ ముప్పై రెండు లోపే. ఇక ఈ గది ఒక్కటే. నల్లగుండు ముప్పై మూడు మీద నాలుగు పదో వంతులు చూపిస్తోంది. నీలవేణి దాన్ని చూడలేదు. నన్ను చూసింది. గాలి అప్పుడే మొదలైంది, చాపలు పొంగాయి. సాయంత్రపు గాలి అంకెను కొద్దిగా దింపింది. ముప్పై మూడు మీద రెండు. అక్కడ ఆగిపోయింది.

గంగులమ్మ మూలన కూర్చుని పిల్లకు టోపీ తొడుగుతోంది. తాడు బిగించింది. లేచి కూతురి దగ్గరకు వెళ్లి, పాత చీర ముక్క చించి, ఆమె చెవుల మీదుగా తలకు చుట్టసాగింది.

"ఊపిరాడనివ్వవే!" అంది నీలవేణి.

"చెవులు మూస్తే ఊపిరాడదేటి? మెదలకుండా ఉండు."

ముడి వేసి, చాప దగ్గరకు వెళ్లి వంగింది. కింది అంచు పట్టుకుని ఎర్రంచు చాపను జానెడు ఎత్తి, గెడకు కట్టేసింది. పక్కదీ అంతే. దాని పక్కదీ.

నేను నోరు తెరిచేలోపే నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పినావని కాదు. మూడు రాత్రుల్నించి పిల్ల ఏడవనేదు. ముక్కు కారనేదు. గాలికి కోపం ఉంటే ఈపాటికి తెలిసిపోను."

కాళ్ల మీద చల్లగా తగిలింది. నేల మీదుగా గాలి పాకుతూ వచ్చి, మంచం కోళ్ల మధ్య నుంచి పైకి లేచింది. నీలవేణి కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చింది. పిల్ల చేతివేళ్లు ఒకసారి విచ్చుకుని మళ్లీ ముడుచుకున్నాయి. వీధిలో ఎవరో దీపం వెలిగించారు.

అంకె ముప్పై మూడుకు దిగింది. అక్కడ ఆగలేదు. దిగుతూనే ఉంది. ముప్పై రెండు మీద ఆరు దగ్గర నిలబడి, ఇక కదలలేదు.

"ఎంత?" అంది గంగులమ్మ.

"ఉండొచ్చు పిన్నీ," అన్నాను మెల్లగా, పిల్ల నిద్రలో ఉంది కనక. "మీరంతా ఇక్కడే ఉండొచ్చు."

ఆమె వెనక కిటికీ దగ్గరకు వెళ్లి, గుసగుసగా అవతలికి చెప్పింది. "ఉండొచ్చంట." రెండో ఇంటి కిటికీలో ఎదురుచూస్తున్న మనిషి అటు తిరిగి, అంతే మెల్లగా, "ఉండొచ్చంట," అంది. దాని వెనక ఇంకో గొంతు. దాని వెనక ఇంకోటి. గాలితో పాటు ఆ మాట ఇంటి నుంచి ఇంటికి వెళ్తూ, చిన్నదైపోతూ, వరుస చివరికి చేరింది. అక్కడ దాలయ్య తాత పట్టలేక, బండి తోలినట్టు గట్టిగా కేక పెట్టాడు.

పిల్ల ఉలిక్కిపడి, కేరుమని ఏడుపు లంకించుకుంది.

"ముసలి సచ్చినోడా!" అని గంగులమ్మ ఆ కిటికీలోంచే అరిచింది. ఆ మాట కూడా ఆరు ఇళ్లు దాటుకుంటూ వెళ్లిపోయింది.